మాస్టర్ ప్లాన్‌లో మా బస్తీ లేదు, రోడ్డు మాత్రం ఉంది. అభ్యంతరం ఎట్లా రాయాలి?

తునికాకు
మాది ఉత్తర తెలంగాణలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను. పాత రైసు మిల్లు వెనక బస్తీ మాది, డెబ్బై దాకా ఇళ్లు. మగవాళ్లలో ఎక్కువ మంది హమాలీలు, ఆడవాళ్లు బీడీలు చుడతారు, మా అమ్మ కూడా. సర్కారు భూమే, కాదనడం లేదు. కానీ మా తాత రోజుల నుంచి ఉంటున్నాం. ఇంటి పన్ను కడుతున్నాం, నల్లా ఉంది, కరెంటు మీటరు ఉంది. సర్కారు భూమిలోని ఇళ్లను క్రమబద్ధం చేసిన 58 జీవో కింద కొందరికి పట్టా కూడా వచ్చింది.

ఇప్పుడు కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ పెట్టారు. మున్సిపల్ ఆఫీసు మెట్ల పక్కన గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి పెద్దది చేసి చూశాను. మిల్లు ఉంది. మిల్లు ముందున్న ఫంక్షన్ హాలు ఉంది. మా బస్తీ ఉన్న చోట ఒక్క ఇల్లు కూడా లేదు, ఖాళీ జాగా. ఆ ఖాళీ మీదుగా వంద అడుగుల రోడ్డు బూడిద రంగులో గీశారు. బైపాస్ నుంచి తిన్నగా వచ్చిన రోడ్డు ఫంక్షన్ హాలు దగ్గర కొంచెం వంగి, మా ఇళ్ల మీదికి దిగి, మళ్లీ తిన్నగా పోయింది.

ఫ్లెక్సీ మీద అంతా ఇంగ్లిష్‌లోనే ఉంది. పేపర్లో ప్రకటన వేశారట, మా బస్తీలో ఎవరూ చూడలేదు. గడువు ఇంకో రెండు వారాలు కూడా లేదు. ఆఫీసులో అడిగితే "రాసివ్వండి, పైకి పంపుతాం" అన్నారు. ఏం రాయాలి? ఎవరి పేరు మీద రాయాలి? రాస్తే చదువుతారా? అమ్మకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_టీపీఎస్
టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ముందు అమ్మగారికి ధైర్యం చెప్పు తల్లీ. డ్రాఫ్ట్ అంటే ఇంకా ఖరారు కానిది. ప్లాన్‌లో గీత గీసినంత మాత్రాన రేపు పొద్దున్నే కూల్చడానికి ఎవరూ రారు. అలాగని వదిలేయకూడదు. ఖరారయ్యాక ఆ గీత ఏళ్ల తరబడి మీ నెత్తి మీద ఉంటుంది. ఇల్లు బాగుచేసుకుంటామంటే అనుమతి రాదు, బ్యాంకుకు పోతే లోను రాదు.

డ్రాఫ్ట్‌తో పాటు రెండు పటాలు ఉండాలి. ఒకటి ఇప్పుడు భూమి ఎట్లా వాడుతున్నారో చూపేది, రెండోది రేపు ఎట్లా ఉండాలో చూపేది. జనమంతా రెండోదే చూస్తారు. తప్పు సాధారణంగా మొదటిదాంట్లో ఉంటుంది. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో మిల్లు పక్కన రేకుల ఇళ్లు మిల్లు గోదాముల్లాగే కనబడతాయి. సర్వేకు వచ్చినవాడు దిగి చూడకపోతే అంతే సంగతులు. నువ్వు ఫొటో తీసింది రెండోది. వెళ్లి మొదటిది అడుగు. అందులోనూ మీ బస్తీ లేకపోతే అభ్యంతరం మొదటి వాక్యం అదే కావాలి: "ఉన్న ఇళ్లను లేనట్టు చూపి, దాని ఆధారంగా రోడ్డు ప్రతిపాదించారు."

ఇంకోటి. వంద సంతకాలు పెట్టి ఒకే కాగితం ఇస్తే రిజిస్టరులో ఒకటిగానే ఎక్కుతుంది. ఇంటికొకటి ఇవ్వండి. ప్రతిదానికీ ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర ఉన్న నకలు చేతిలో పడాలి.

మిర్చిబండి
సార్ చెప్పింది నిజం. మా బండ్లను తీసేసినప్పుడు ఎమ్మెల్యే సార్‌కు అందరం కలిసి ఒక వినతి పత్రం ఇచ్చి, దండేసి ఫొటో దిగి వచ్చాం. ఆ కాగితం ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఫొటో మాత్రం మా యూనియన్ గోడకు ఉంది.

లేఅవుట్_ఏడో_నంబరు
నా మాట కొందరికి నచ్చదు, అయినా రాస్తున్నా. ఊరికి రోడ్డు కావాలా వద్దా? ప్రతి ఊళ్లోనూ ఇదే కథ. రోడ్డు గీయగానే అభ్యంతరం, కేసు, స్టే. అంబులెన్సు బజారులో ఇరుక్కుంటే మాత్రం మున్సిపాలిటీని తిడతాం. నేను చిట్టీ ఎత్తి ప్లాటు కొన్నాను. లేఅవుట్ క్రమబద్ధం చేయడానికి ఎల్‌ఆర్‌ఎస్ కట్టాను, సాగు భూమిని ఇళ్ల జాగాగా మార్చే నాలా ఫీజు కట్టాను, ఇంటి అనుమతికి మళ్లీ కట్టాను. రోడ్డు వెడల్పుకు మా లేఅవుట్‌లో జాగా వదిలాం. సర్కారు భూమిలో ఉన్నవాళ్లకు మాకంటే ఎక్కువ హక్కు ఎట్లా వస్తుంది?

తునికాకు
@లేఅవుట్_ఏడో_నంబరు అన్నా, రోడ్డు వద్దని నేను రాయలేదు. మా బస్తీకి ఆటో రావాలన్నా కష్టమే, రోడ్డు మాకూ కావాలి. వంపు మా మీదికే ఎందుకు వచ్చిందని అడుగుతున్నాను.

సమాఖ్య_అక్క
@లేఅవుట్_ఏడో_నంబరు మీరు కట్టినవన్నీ నిజమే, మీ కష్టం తక్కువని ఎవరూ అనరు. కానీ చిట్టీ ఎత్తి ప్లాటు కొనడానికి ఆ హమాలీకి నెల నెలా జీతం లేదు. పనికి దగ్గరగా, కూలి డబ్బులకు అందే జాగా ఏ లేఅవుట్‌లోనూ పెట్టలేదు. మాస్టర్ ప్లాన్ అనేది అసలు అందుకే కదా, అందరికీ జాగా చూపించడానికి.

మక్కచేను
మాది కామారెడ్డి దగ్గర. ఈ విషయంలో మేము చూసింది చెప్తా. 2022 చివర్లో మా మున్సిపాలిటీ డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ వచ్చింది. అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువు. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్ వైపు రెండు పంటలు పండే భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారు. మా వాళ్లకు ఎట్లా తెలిసిందనుకున్నారు? కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేవాడు "నీ భూమి జోన్‌లో పోయింది" అన్నాడు. అట్లా ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత కలెక్టరేట్ ముట్టడి, బంద్, హైకోర్టులో పిటిషన్లు. గ్రామాల జేఏసీ కౌన్సిలర్ల ఇళ్లకు పోయి అడిగింది. జనవరి 20న కౌన్సిల్ అత్యవసరంగా కూర్చుని ఆ డ్రాఫ్ట్‌ను రద్దు చేయాలని తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే రోజుల్లో అట్లాగే వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి చెల్లె, కాగితం ఇవ్వండి, కానీ కాగితంతో ఆగకండి. గడువులోపు కౌన్సిలర్‌ను బస్తీకి పిలిచి అందరి ముందు నిలబెట్టండి.

నాలా_పక్కిల్లు
@మక్కచేను అన్నా, మీరు గెలిచారు, సంతోషం. కానీ మీవి పట్టా భూములు. ఊరూరా మీకు బంధువులు, ప్రతి పార్టీలో మీవాళ్లు ఉన్నారు, ట్రాక్టర్లు రోడ్డు మీద పెడితే జిల్లా ఆగుతుంది. బస్తీవాళ్లు ఒక్కరోజు పని మానితే ఆ రోజు పొయ్యి వెలగదు. నెల రోజులు ధర్నా ఎక్కడ చేస్తారు? మీ దారి అందరికీ పనికిరాదు.

మక్కచేను
ఒప్పుకుంటా. మాలో కూడా కౌలుకు చేసేవాళ్ల పేరు ఏ పిటిషన్లోనూ లేదు. భూమి పోతే వాళ్లకే ముందు పని పోయేది.

కరకట్ట_కుర్రాడు
అమరావతిలో ఇదే జరిగింది. 2015లో రాజధాని కోసం భూములు తీసుకున్న పూలింగ్ అప్పుడు భూమి ఇచ్చిన రైతుకు ప్లాట్లు, పదేళ్ల కౌలు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 పెన్షన్. మా ఇంట్లో పెన్షనే. అరటి తోటలు, మల్లె తోటలు ఉన్నప్పుడు మా నాయనమ్మకు ఏడాది పొడుగునా పని ఉండేది. మీటింగు పెడితే "ఎన్ని ఎకరాలు ఇస్తున్నావు" అనే మాటతోనే మొదలయ్యేది. ఎకరం లేనివాడు ఆ మీటింగులో ఏం మాట్లాడతాడు? భూమి తీసుకోవడం తప్పా ఒప్పా అనే గొడవ నేను పెట్టను. పని పోయేవాళ్లను కూర్చోబెట్టి ఒక్క రోజు కూడా అడగలేదు, అది మాత్రం ఇప్పటికీ మండుతుంది.

ప్లానింగ్_చదువు
నేను పట్టణ ప్రణాళికలో పీజీ చేస్తున్నా. చట్టం వైపు నుంచి కొంచెం చెప్తాను. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు ఇవ్వదగిన 18 పనులు రాశారు. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. పేదల ప్రయోజనాలు కాపాడటం, మురికివాడల మెరుగుదల కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. 243ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు తప్పనిసరి. మన చిన్న మున్సిపాలిటీలకు అది వర్తించకపోయినా తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టింది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే కాగితం మీద మీ వార్డులో అరవై మంది ఉన్నారు. వాళ్ల జాబితా అడగండి. డ్రాఫ్ట్ ఆ కమిటీల ముందు పెట్టారా అని రాతపూర్వకంగా అడగండి.

మిర్చిబండి
అరవై మందా! మా వార్డులో ఒక్కరిని చూపిస్తే ప్లేటు బజ్జీలు ఫ్రీ.

సమాఖ్య_అక్క
@మిర్చిబండి తమ్ముడూ, రెండు ప్లేట్లు కట్టు. నేను మా వార్డు మహిళా కమిటీలో ఉన్నా. మెప్మా, అంటే పట్టణ పేద మహిళల సంఘాలను చూసే సర్కారు సంస్థ, దాని సంఘం రిసోర్స్ పర్సన్‌ను కాబట్టి నా పేరు రాశారు. హరితహారం మొక్కలప్పుడు పిలిచారు, పట్టణ ప్రగతి అప్పుడు పిలిచారు. రోడ్డు ఎక్కడ పోవాలి అనే మాట మీద ఒక్కసారి పిలవలేదు. మొక్క ఎక్కడ నాటాలో మమ్మల్ని అడుగుతారు, ఇల్లు ఎక్కడ పోతుందో అడగరు.

తునికాకు చెల్లె, నాకు తెలిసిన పద్ధతి చెప్తా. మీటింగు పగలు పెట్టకండి. బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి ఆడవాళ్లు తిరిగొచ్చాక, పొయ్యి మీద అన్నం దించాక పెట్టండి. మీటింగుకు రండి అంటే రారు. ఫ్లెక్సీ ఫొటోను జిరాక్స్ షాపులో పెద్ద సైజులో ప్రింటు తీయించి పోచమ్మ గుడి అరుగు మీద పరవండి. "మీ ఇల్లు ఎక్కడో చూపించు" అని అడగండి. మా దగ్గర నాలా సర్వేకు ఇట్లాగే చేశాం. చదువు రాని ముసలమ్మ వేలుపెట్టి "ఇగో బోరింగు, ఇగో వేపచెట్టు, దాని పక్కన నాది" అని చూపించింది. అప్పటిదాకా నోరు విప్పని కోడళ్లు కూడా కూర్చుండిపోయారు.

కొచ్చిలో_నర్సు
నేను కొచ్చిలో పనిచేస్తున్నా, మాది ఖమ్మం. ఇక్కడ వార్డు సభలు జరుగుతాయి. మా ఇంటి ఓనరమ్మ పోయి వచ్చి ఏం మాట్లాడారో చెప్తుంది. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం అని పెట్టి ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామన్నారు. డబ్బు చేతిలో ఉంది కాబట్టి సభకు మనుషులు వస్తారు. మన దగ్గర కమిటీ ఉంది, కానీ దాని చేతిలో రూపాయి లేదు, కాగితం లేదు. ఇక్కడ కూడా అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. సభకు ఉద్యోగాలున్న మధ్యతరగతి వాళ్లు పెద్దగా రారు, వచ్చేది పేదవాళ్లే, పథకాల జాబితా కోసం. అయినా రోడ్డు గురించి ముందు తెలుస్తుంది.

లేఅవుట్_ఏడో_నంబరు
ఇవన్నీ బాగున్నాయి, కానీ ఒక మాటకు జవాబు రాలేదు. రోడ్డు పక్కకు జరిపితే అటు ఎవరిదో పోతుంది. వాళ్లూ అభ్యంతరం పెడతారు. చివరికి ఎవరో ఒకరు వదులుకోవాల్సిందే.

పాత_టీపీఎస్
నిజమే, వదులుకోవాలి. కానీ ఎవరికి ఏం దక్కుతుందో చూడండి. పట్టా ఉన్నవాడి స్థలం రోడ్డు వెడల్పులో పోతే టీడీఆర్ ఉంది. అతను ఇచ్చిన స్థలానికి నాలుగు రెట్లు కట్టుకునే హక్కు కాగితం వస్తుంది, దాన్ని అమ్ముకోవచ్చు. పట్టా లేనివాడికి టీడీఆర్ లేదు. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో (సెట్‌బ్యాక్) సడలింపు లేదు. ఇల్లు మొత్తం పోయినా "ఆక్రమణ తొలగించాం" అని ఫైల్లో ఒక్క వాక్యం రాస్తారు. ఒకే రోడ్డు, ఒకే వంద అడుగులు. ఒకరికి పరిహారం, ఇంకొకరికి నోటీసు. సర్వీసులో ఉన్నప్పుడు ఈ తేడా నన్ను బాగా బాధపెట్టేది.

నాలా_పక్కిల్లు
అందుకే గీత ఎప్పుడూ సర్కారు భూమి మీదికే వంగుతుంది. అక్కడ ఖర్చు తక్కువ కదా. ఖర్చు తక్కువ మున్సిపాలిటీకి, బస్తీకి కాదు.

ప్లానింగ్_చదువు
2013 భూసేకరణ చట్టంలో "బాధిత కుటుంబం" అంటే ఎవరో ఒక్కసారి చూడండి. భూమి ఉన్నవాళ్లే కాదు. పట్టణ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేళ్లు, అంతకంటే ఎక్కువ అక్కడ నివసిస్తున్న కుటుంబం కూడా దాంట్లో ఉంది. జీవనాధారం పోయేవాళ్లు కూడా ఉన్నారు.

పాత_టీపీఎస్
@ప్లానింగ్_చదువు బాబూ, ఆ నిర్వచనం మంచిదే, అభ్యంతరంలో తప్పకుండా రాయండి. కానీ దాని మీదే ఆధారపడొద్దు. "మా భూమిని మేమే సేకరించడమేంటి, ఇది సేకరణే కాదు" అని ఆఫీసు వాదిస్తుంది. 58 జీవో పట్టాలు వచ్చినవాళ్లవి ముందు పెట్టండి. 2014 జూన్ 2కు ముందు నుంచి ఉన్నారని సర్కారే విచారించి 125 గజాల లోపు ఉచితంగా క్రమబద్ధం చేసింది. ఒక శాఖ పట్టా ఇచ్చిన ఇంటిని ఇంకో శాఖ ఖాళీ జాగా అంటే ఆ మాట నిలబడదు. పక్కింటివాడికి కూడా అదే సాక్ష్యం.

తల్లీ, ఇంకో మాట. ఫంక్షన్ హాలు ఓనరు పేరు కాగితంలో ఎక్కడా రాయొద్దు. అతని కోసమే వంచారని కూడా రాయొద్దు. రుజువు లేదు. రోడ్డు అలైన్‌మెంట్ గురించి మాత్రమే రాయి.

నాలా_పక్కిల్లు
అదే నాకు నచ్చదు సార్. ఊరందరికీ తెలిసిన మాట ఆ కాగితంలో ఒక్కటే ఉండదు.

పాత_టీపీఎస్
ఊరికి తెలిసింది బయట మాట్లాడుకోండి, నేను ఆపను. కాగితంలో నింద ఉంటే ఆఫీసర్ దాన్ని "వ్యక్తిగత ఆరోపణ" అని పక్కన పెట్టడానికి వీలు దొరుకుతుంది. "బైపాస్ నుంచి వచ్చే రోడ్డు ఫలానా సర్వే నంబరు దగ్గర దిశ మారడానికి సాంకేతిక కారణం తెలపగలరు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఆ ప్రశ్నకు జవాబు లేదని వాళ్లకు తెలుసు.

మూసీ_మేనల్లుడు
హైదరాబాద్ నుంచి. 2024లో మా మేనత్త ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి పోయారు, రివర్ బెడ్, అంటే మూసీ నది గర్భంలో ఉన్న ఇల్లు అని గుర్తు. ఆ అక్షరాలు చూసే ఆమెకు విషయం తెలిసింది. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇచ్చారు, ఇల్లు బాగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆమె నాలుగిళ్లలో పని చేసేది, ఆ నాలుగూ పాత ఇంటి దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. రెండిళ్లు వదిలేసింది. నది బాగుపడాలని ఆమె కూడా అంటుంది, వరద నీళ్లు ఇంట్లోకి వచ్చింది ఆమెకే కదా. ముందే కూర్చోబెట్టి "ఎక్కడైతే పని దొరుకుతుంది" అని అడిగితే ఆమె చెప్పేది.

తునికాకు గారూ, మీ కాగితంలో ఇల్లు ఒక్కటే రాయకండి. బీడీ కార్ఖానా ఎంత దూరం, మిల్లు ఎంత దూరం, పిల్లల బడి ఎంత దూరం, అదీ రాయండి.

మిర్చిబండి
ఆ రోడ్డు మీద బండ్లు పెట్టుకునేవాళ్లు ఉన్నారా చెల్లె? ఉంటే వాళ్ల సంగతి కూడా కలపండి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మంది మా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. బండ్ల జాగా ప్లాన్‌లోనే చూపించాలి. మీ ఫ్లెక్సీలో చూపించారా?

తునికాకు
లేదన్నా. సంత జరిగే జాగాను పార్కింగ్ అని రాశారు.

మిర్చిబండి
అదీ రాయండి. వేరే కాగితం మీద.

పెద్దబస్తీ_మాస్టారు
నేను రిటైర్డ్ టీచరును, హైదరాబాద్ పాత బస్తీలో పెరిగాను. 1967లో హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని మొదలుపెట్టారు, యూసీడీ అంటే పెద్దవాళ్లకు గుర్తుంటుంది. కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీకి వచ్చి చాప మీద కూర్చునేవాళ్లు. బస్తీ కమిటీ ఏది ముందు కావాలంటే దాని మీద పని నడిచేది. మా దగ్గర ముందు బాల్వాడీ, తర్వాత కుట్టు సెంటరు. ఇదంతా కేరళలోనో ఇంకెక్కడో మాత్రమే అవుతుందనుకోకండి, మన ఊళ్లో అయింది. చాప మీద కూర్చునే ఉద్యోగిని తీసేసి ఫ్లెక్సీ పెట్టారు.

ప్లానింగ్_చదువు
ఒడిశాలో 2017లో మురికివాడల నివాసులకు భూమి హక్కుల చట్టం తెచ్చారు. డ్రోన్‌తో బస్తీలను కొలిచి, ఆ పటం తెచ్చి బస్తీవాళ్లతోనే సరిచూయించి, పట్టాలు ఇచ్చారు. డ్రోన్ మన దగ్గర కూడా ఉంది. దానితో తీసిన బొమ్మను బస్తీకి తెచ్చి చూపించే మనిషి లేడు, అంతే తేడా.

లేఅవుట్_ఏడో_నంబరు
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రోడ్డు రావాలి. కానీ టీడీఆర్ సంగతి నాకు తెలియదు, ఆ తేడా న్యాయం కాదు. రోడ్డు తప్పనిసరైతే అదే వార్డులో జాగా చూపించి, కట్టిన తర్వాతే ఖాళీ చేయించాలని రాయండి. దానికి నేను సంతకం పెడతా. మా లేఅవుట్ వాళ్లను కూడా అడుగుతా.

తునికాకు
అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నా.

మొదటి పటం అడిగాను. ముందు లేదన్నారు, తర్వాత పెద్ద సార్ వచ్చాక చూపించారు. టీపీఎస్ సార్ చెప్పినట్టే ఉంది. మా బస్తీ మొత్తాన్ని మిల్లు రంగు ఊదాలో కలిపేశారు. పోచమ్మ గుడి కూడా ఊదా రంగులోనే ఉంది. "మీరు మిల్లు కాదా?" అని ఆ అబ్బాయి నన్నే అడిగాడు. అతని తప్పు కాదు, కొత్తగా చేరాడు, ఆ సర్వే జరిగినప్పుడు అతను లేడు. పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసి స్పెషల్ ఆఫీసర్ పాలన ఉన్న రోజుల్లో ఆ పని జరిగిందట. అడగడానికి అప్పుడు కౌన్సిలర్ కూడా లేడు.

అక్క చెప్పినట్టు ప్రింటు తీయించి గుడి అరుగు మీద పరిచాం. రాళ్లు పెట్టినా అంచులు లేస్తుంటే ఆడవాళ్లు బీడీల చాటలు తెచ్చి నాలుగు మూలలా పెట్టారు. నీలం స్కెచ్ పెన్నుతో ఒక్కొక్క ఇల్లు గీసుకుంటూ పోయాం. మా అమ్మ మొదట దూరంగా నిలబడింది. బోరింగు తప్పు చోట పెట్టానని వచ్చి నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆ తర్వాత ఇళ్లన్నీ ఆమే చెప్పింది, ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎప్పుడు వచ్చారు, అన్నీ. మిల్లు ప్రహరీకి, కాలువకు మధ్య వాడకంలో లేని పాత లారీల బాట ఉందని హమాలీ మేస్త్రీ చెప్పాడు. రోడ్డు దాని మీదుగా తిన్నగా పోవచ్చు. అది కూడా గీశాం.

కాగితాలు సగం పైన ఇచ్చేశాం, ముద్ర వేసి ఇచ్చారు. అందరివీ ఒకేలా రాయకుండా ఎవరి ఇంటి సంగతి వాళ్లది రాశాం. పన్ను రసీదు, కరెంటు బిల్లు, పట్టా ఉంటే పట్టా, దూరాలు. సంత గురించి, వార్డు కమిటీల గురించి వేరే కాగితాలు.

పాత_టీపీఎస్
చాలా బాగా చేశారు తల్లీ. మీరు గీసిన పటానికి బస్తీవాళ్ల సంతకాలు పెట్టించి దాన్ని కూడా ఇన్‌వర్డ్ చేయించండి. లారీల బాట సర్వే నంబరు కనుక్కోండి, కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్లదైతే దాని మాట ముందే రావాలి. విచారణకు పిలవాలని ప్రతి కాగితం చివర రాశారా? రాయకపోతే మిగిలినవాటిలో రాయండి.

సమాఖ్య_అక్క
అద్దెకు ఉండేవాళ్లు రాశారా?

తునికాకు
అదే గొడవ నడుస్తోంది అక్కా. బీహార్ నుంచి వచ్చి మిల్లులో పనిచేసే వాళ్లు ఏడెనిమిది గదుల్లో ఉంటున్నారు. మనవాళ్లు ఆరేడు కుటుంబాలు కూడా అద్దెకే ఉన్నాయి. వాళ్లు ఎందుకు, లెక్క ఎక్కువైతే మన జాగాలు తగ్గుతాయి అని పెద్దమనుషులు అంటున్నారు. మనల్ని పటంలో లేకుండా చేశారని ఏడుస్తూ మనం ఇంకొకరిని తీసేస్తామా అని నేను అడిగాను. అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత పెద్ద గొడవైంది.

నాలా_పక్కిల్లు
చెల్లె, దీని మీద తగ్గకు. మా నాలా సర్వేలో అద్దెవాళ్లను రాయలేదు. ఇళ్లు ఇచ్చినప్పుడు ఓనరుకు వచ్చింది, పదేళ్లు అద్దె కట్టినవాళ్లు సామాను ఎత్తుకుని ఇంకో నాలా పక్కకు పోయారు.

ప్లానింగ్_చదువు
నేను పైన చెప్పిన మూడేళ్ల నివాసం మాట వాళ్లకూ వర్తిస్తుంది. చట్టంలో కౌలుదార్ల, అద్దెదార్ల ప్రస్తావన ఉంది. వాళ్లు చేరితే మీ వాదన బలపడుతుంది, తగ్గదు. అది ఖాళీ జాగా కాదని చెప్పే సాక్షులు పెరుగుతారు.

తునికాకు
ఈ మాటే నిన్న రాత్రి మేస్త్రీ చేత చెప్పించాను. నేను చెప్తే చిన్నపిల్ల అన్నారు, ఆయన చెప్తే విన్నారు. మిల్లువాళ్లకు తెలుగు రాదు, హిందీలో రాసి కింద తెలుగులో రాశాం. ఇద్దరు ముగ్గురు ఆధార్ ఇవ్వడానికి భయపడుతున్నారు, అద్దె చీటీ కూడా ఎవరి దగ్గరా లేదు. పక్కింటివాళ్ల సాక్షి సంతకం సరిపోతుందా సార్?

పాత_టీపీఎస్
సరిపోతుంది. అభ్యంతరం చెప్పడానికి ఆధార్ అవసరం లేదు. ఎప్పటి నుంచి ఉంటున్నారో, ఎవరి గదిలో ఉంటున్నారో రాసి, ఇద్దరు ఇరుగుపొరుగు సంతకాలు పెట్టించండి. ఆఖరి రోజు దాకా ఉంచొద్దు, ఆ రోజు కౌంటర్ దగ్గర మనిషి ఉండడు.

తునికాకు
రేపు పదిన్నరకు ఆఫీసు తెరవగానే ఇస్తాం. మిల్లులో పొద్దుటి షిఫ్టు వాళ్లవి అమ్మ పట్టుకొస్తానంది.